ఒప్పుకుంటే... ఒప్పుకుంటేనే

"మీ జత కుదరలేదండీ."

పోటీ పరీక్షల పుస్తకాలు తయారుచేసే ఆ ఆఫీసులో అతను చేరిన రోజున, ఆమె అతనితో అన్న మొదటి మాట అది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత తొందరగా తేల్చరు.

అతని ఉద్యోగం వాదనలకు జతలు కట్టడం. పైన ఒక వాదన ఉంటుంది, కింద నాలుగు ఆప్షన్లు. విషయం వేరైనా నడక ఒకటే అయినదాన్ని పరీక్ష రాసేవాడు పట్టుకోవాలి. అతను రాస్తాడు, ఆమె తప్పులు దిద్దుతుంది. అందుకే ఆఫీసంతా అతన్ని ఆప్షన్ అనీ, ఆమెను ఎర్రపెన్ను అనీ పిలవసాగింది.

"ఎందుకు కుదరలేదు?" అన్నాడు ఆప్షన్, ఉక్రోషంగా.

"పైన చూడండి. వాన పడితే బస్సు లేటవుతుంది. బస్సు లేటైంది. కాబట్టి వాన పడింది. ఇది తప్పు. పంక్చరైనా లేటవ్వచ్చు కదా? మరి కింద మీరేం రాశారు?"

"ఆకలేస్తే తింటాడు. ఆకలేసింది. కాబట్టి తిన్నాడు."

"అది ఒప్పు. తప్పుకి తప్పునే జత కట్టాలి. కాబట్టి అంటే బట్టీ పట్టి రాసేది కాదండీ! విషయం చూడకండి, నడక చూడండి."

అతను వెంటనే చూశాడు. ఆమె తన సీటు వైపు వెళ్తోంది. నడక బాగుంది.

ఆనాటి నుంచి అతని వాదనలన్నీ వేదనలయ్యాయి. ఊళ్ళో ఉన్న వాక్యాలన్నిటికీ జతలు వెతికే మనిషి, తను మాత్రం ఒంటరి వాక్యం! చివరికి ఒక వాన రోజున తెగించి, అదే వాన ప్రశ్న కింద కొత్త ఆప్షన్ రాసి ఆమె బల్ల మీద పెట్టాడు.

'ఇష్టముంటే నవ్వుతారు. ఆమె నవ్వింది. కాబట్టి ఇష్టముంది.'

ఆమె చదివింది. పెదవి బిగించింది. ఎర్రగా టిక్ కొట్టింది.

"జత కుదిరింది."

"నిజంగానా!"

"ప్రశ్నకి కుదిరింది. ఎగరకండి. జాలేసినా నవ్వుతారు."

"మరి నాకు?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది. "మా నాన్న ఒప్పుకుంటే మిమ్మల్ని చేసుకుంటా," అంది.

ఆమె తండ్రి బస్సు డ్రైవర్. ఆదివారం సాయంత్రం అతను వాళ్ళింటికి వెళ్ళేసరికి, ఆయన ముందుగదిలో కుర్చీని డ్రైవర్ సీటులా సర్దుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"ప్రశ్నలు రాస్తానండీ. పుస్తకాలకి."

ఆయన ముఖం మాడింది. "మా చెల్లెలి మొగుడూ పుస్తకాలు రాసేవాడే. ధ్యాసంతా కాగితాల మీదే. అది జ్వరంతో పడుంటే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. నువ్వూ రాసేవాడివే. కాబట్టి నువ్వూ అంతే. నేనొప్పుకోను."

బ్రేకు గట్టిగా పడింది. అతను "వస్తానండీ" అని గొణిగి వీధిలోకి వచ్చేశాడు. బయట సన్నగా తుంపర. ఆమె గొడుగు పట్టుకుని వెనకే పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడికి?"

"ఆయన ఒప్పుకోలేదుగా. కాబట్టి మీరు చేసుకోరు."

"ఏడిసినట్టుంది మీ లాజిక్కు! 'ఒప్పుకుంటే' అన్నాను. 'ఒప్పుకుంటేనే' అన్నానా?"

అతను నోరు తెరిచాడు. నిజమే, ఆయన కాదంటే ఏం చేస్తుందో ఆమె చెప్పనేలేదు! ఎవరికైనా 'తే'కి 'నే' తగిలిస్తే తేనె వస్తుంది, ఇతగాడికి చేదొచ్చింది.

"అంటే ఆయన కాదన్నా..."

"చేసుకుంటా. కానీ ఆయన మూతి ముడుచుకుంటే నాకు ముద్ద దిగదు. ఆయన వాదన తప్పు. తప్పుకి జత కట్టడం మీ ఉద్యోగం. నడవండి!"

నడిచాడు. తడిసిన చొక్కాతోనే గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కోప్పడకండి, ఒక్క మాట. మొన్న మార్కెట్ దగ్గర ఒక డ్రైవర్ కరెంటు స్తంభాన్ని గుద్దాడు. మీరూ డ్రైవరే. కాబట్టి..."

"నేనా!" పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయాడు. "ఇన్నేళ్ళలో నా బండి మీద గీత పడలేదు తెలుసా? వాడెవడో గుద్దితే నన్ను..."

మాట మధ్యలో ఆగిపోయాడు. కూతుర్ని చూశాడు. కుర్రాణ్ణి చూశాడు. మెల్లగా కూర్చున్నాడు.

"సరేలే. అయితే నువ్వు మా చెల్లెలి మొగుడిలా ఉండవన్నమాట."

అవునంటే పని అయిపోయేది. కానీ అతని నోటికి దొంగ 'కాబట్టి' రాలేదు.

"అదీ తేలలేదండీ. అలాగే ఉంటానన్నది మాత్రం తేలలేదు, అంతే. ఎలా ఉంటానో ఉండి చూపించాలి. ఈవిడకి ఒళ్ళు వెచ్చబడితే అందరికంటే ముందు నాకే తెలియాలని ఉంది."

పెద్దాయన మీసం కింద ఏదో కదిలింది. "గ్యారంటీ లేదని చెప్పి బండి అమ్మేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

అంతవరకూ తలుపు చాటున నిలబడి విన్న ఆమె తల్లి ఇక ఆగలేకపోయింది. ఆవిడ ఆయన డిపోలోనే కండక్టర్. తలుపు మీద దబదబా రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్!" అని అరిచింది.

ఆ మాట విన్నాక ఆయన ఏనాడూ బండి ఆపి ఎరగడు.