ఉయ్యాల ఊగకపోతే

శాలినికి అన్నిటికన్నా పెద్ద భయం పాప ఏడవకపోవడం. ఏడిస్తే నయం, ఓపిక ఉందని తెలుస్తుంది.

ఆ ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి, కాగేలోపు మూడుసార్లు వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తొమ్మిది నెలల పిల్ల. ఆసుపత్రి నుంచి తెచ్చి వారమైనా సెలైన్ సూది గుచ్చిన చెయ్యి ఇంకా కమిలే ఉంది. అత్తగారు ఎలిజబెత్ చేటలో బియ్యం ఏరుతోంది. గవర్నర్‌పేటలో టీవీలు బాగుచేసే భర్త జాన్సన్ బల్ల దగ్గర ఏదో రాస్తున్నాడు.

"పొద్దున్నే ఏంటండీ ఆ రాత?"

"ఇంటర్నెట్‌లో మా రోబోల గ్రూపు పోటీ పెట్టింది. మనం చేసిన వస్తువు గురించి రాయాలి. గెలిస్తే మోటార్లు, సోల్డరింగ్ సామాను ఇస్తారు. ఇవాళే ఆఖరు."

"ఏ వస్తువు?"

జాన్సన్ తలెత్తలేదు. "ఉయ్యాల."

పాత టేప్ రికార్డర్ మైకు, కారు వైపర్ మోటారు కలిపి చేశాడు దాన్ని. పాప ఏడుపు వినగానే ఊగేది. వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. "ఊగట్లేదంటే పాప హాయిగా ఉన్నట్టే, నువ్వు పని చూసుకో" అన్నాడు అప్పుడు. పాపకి వాంతులు పట్టుకున్న రోజు ఉయ్యాల చాలాసేపు ఊగి, ఆగింది. పెరట్లో బట్టలు ఉతుకుతున్న శాలిని తొంగిచూసి, నిద్రపోయిందనుకుంది. ఏడవడానికి ఓపిక లేక ఊరుకుందని తెలిసేసరికి పాప కళ్ళు తేలేసింది.

"ఆ సంగతి రాశారా?"

"పోటీకి అదెందుకే? మెషీన్ దాని పని అది చేసింది."

"తల్లివి నువ్వుండగా మోటారునంటావేంటమ్మా?" అంది ఎలిజబెత్ చేట మీంచి కళ్ళెత్తకుండా.

శాలిని అత్తగారి వైపు తిరిగింది. "నిజమే అత్తయ్యా. ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. ఆయనకి తెలీదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఏమండీ, ఇది చూసి ఇంకెవరైనా చేసుకున్నారా?"

కలం ఆగింది. "చల్లపల్లిలో కరిముల్లా అని, గ్రూపులో ఆయన. వాళ్ళ బాబుకి ఆరు నెలలు. ఇల్లంతా ప్రశాంతంగా ఉందని మెయిల్ పెట్టాడు."

"పాప సంగతి ఆయనకి చెప్పారా?"

"ఎలా ఉన్నారని రెండు మెయిళ్ళు పెట్టాను. జవాబు లేదు. జరిగింది రాయడానికి... సిగ్గేసింది శాలినీ."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. శాలిని పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. ఎలిజబెత్ చేట పక్కన పెట్టి లేచింది. ఉయ్యాల్లోంచి పాపని తీసి గుండెకి హత్తుకుని, కోడలి పక్కన చేరి కూర్చుంది. "రాయరా, శాలిని చెప్పింది రాయి" అంది.

జాన్సన్ రాసిన కాగితాలు చింపేశాడు. కొత్త కాగితం తీసి శాలిని ముందుకి జరిపాడు. కన్నీళ్ళు తుడుచుకోకుండానే, "నువ్వే రాయి. నెట్ సెంటర్లో టైపు చేయించి పంపి, చల్లపల్లి బస్సెక్కుతాను" అన్నాడు.

ఒత్తులు సరిచూసుకుంటూ శాలిని జరిగిందంతా రాసింది. చివర్లో ఇలా రాసింది:

"మాకు బహుమతి వద్దండీ. కరిముల్లా గారి ఇల్లు మాకు తెలీదు, మావారు వెతుక్కుంటూ బయలుదేరుతున్నారు. మీలో ఎవరైనా చల్లపల్లి దగ్గరుంటే మావారికంటే ముందే వెళ్ళండి. ఉయ్యాల ఊగట్లేదు కదా అని గుమ్మంలోంచే తిరిగి రావద్దు. బాబుని చేతుల్లోకి తీసుకుని చూడండి."