సమ్రీన్ గసగసాల కుర్మా

"నా డబ్బాలో ఏం కలిపినావో నిజం చెప్పు!"

క్యారియర్‌ను ఠప్పున గట్టు మీద పెట్టాడు ఎహసాన్. సమ్రీన్ ఉలిక్కిపడి, వెంటనే మూతి ముడిచింది. మస్కట్ పక్కన అల్ హైల్‌లో తను ఖాలా అని పిలిచే పిన్ని సర్వరీ బేగం నడిపే మెస్సులో వంటంతా ఆమెదే. కడప నుంచి వచ్చిన ఈ ఏసీ మెకానిక్ ఆమె కూరకు వంక పెట్టడం, ఆమె రెండింతలు అంటించడం మూడు నెలలుగా మామూలే.

"ఉప్పు, కారం, మీ నోటికి తగినంత చేదు. ఏం, చాల్లేదా?"

"నవ్వులాట గాదు సమ్రీన్. నేను మత్తుమందు తింటానంట!"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎహసాన్ కంపెనీకి మిలిటరీ క్యాంపులో పని దొరికింది. లోపలికి వెళ్లాలంటే సెక్యూరిటీ పాసు కావాలి, దానికి మూత్ర పరీక్ష. రూమ్‌లో ఎనిమిది మందీ ఇచ్చారు. ఏడుగురిది బాగుంది. సిగరెట్టయినా ముట్టని ఎహసాన్‌ది మాత్రం నల్లమందు జాడ చూపించింది. ఆ మచ్చ ఫైల్లో పడితే పాసు రాదు, పాసు రానివాణ్ని కంపెనీ ఉంచుకోదు.

"రేపు పదింటికి సెక్యూరిటీ ఆఫీసర్ పిలిచినాడు. ఆయన నమ్మకపోతే శుక్రవారం ఫ్లైటే. అందరూ తినేది ఒకే మెస్సులో గదా, నీకొక్కడికే ఎట్లొచ్చిందని అడుగుతాండాడు. నేనేం చెప్పాల?"

సమ్రీన్ చూపు మసాలా డబ్బాల వెనక్కి పోయింది. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ ఆమె చీరల మధ్య గసగసాల పొట్లం దాచి పంపింది. అవి నల్లమందు కాయలోవేనని, ఎవరైనా చూస్తే జైలేనని పిన్ని అప్పుడే హడలగొట్టింది. పారేశానని సమ్రీన్ అబద్ధం చెప్పింది.

మర్నాడు మస్కట్‌లో, ఖురం పేటలోని కంపెనీ ఆఫీసులో, సెక్యూరిటీ ఆఫీసర్ ముందు ఎహసాన్ నోరు తెరవకముందే తలుపు తోసుకుని వచ్చిందామె. వెనకాలే ఆయాసపడుతూ సర్వరీ బేగం.

సమ్రీన్ పొట్లం బల్ల మీద పెట్టింది. "ఇవి గసగసాలు సాబ్. కుర్మాలో నూరి పోసినాను. తప్పంతా నాది. ఈయనకేం తెలీదు."

ఆఫీసర్ పొట్లం విప్పి చూశాడు. "ఇవి తిన్నా పరీక్షలో కనిపించవచ్చని మా డాక్టర్ అన్నాడు," అని ఉర్దూలో ఒప్పుకున్నాడు. "మరి తక్కిన ఏడుగురు?"

"వాళ్ల డబ్బాల్లో వెయ్యలేదు సాబ్."

"ఎందుకు వెయ్యలేదు?"

జైలుకైనా భయపడని సమ్రీన్ ఇప్పుడు కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఎందుకే?" పిన్ని కూడా అడిగింది.

"ఉండేది కొంచెమే ఖాలా. అందరికీ చాలదు. ఈయప్పకు మాత్రం... వేరే గిన్నెలో చేస్తాను."

ఆఫీసర్ మీసం కింద నవ్వు దాచుకుని రాసుకున్నాడు.

"వారం రోజులు ఆ గిన్నె బంద్. తర్వాత మళ్లీ పరీక్ష. అది బాగుంటే ఫైల్లో మచ్చ ఉండదు. పొట్లం నా దగ్గరే ఉంటుంది. ఇంకోసారి తెచ్చావో, ఇంత మంచిగా మాట్లాడను."

బయటికొచ్చాక ఎహసాన్ మెల్లగా అడిగాడు. "రోజూ వంకలు పెట్టేవాణ్ని గదా. నాకెందుకు చేసినావు?"

"వంకలు పెడతానే డబ్బా నాకి పంపుతాండారు గదా!"

అతనికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. "రాత్రంతా ఉద్యోగం పోతుందని దిగులు పడలేదు సమ్రీన్. రేపట్నుంచి నీతో ఎవరు పోట్లాడతారా అని పడినా. నువ్వంటే నాకు అంత ఇష్టం."

ఆమె తల వంచుకుంది. జవాబు మాత్రం దీటుగానే ఇచ్చింది: "ఈ ముక్క చెప్పడానికి మూడు నెలలా?"

"గమ్మున నడవండి ఇద్దరూ," అంది సర్వరీ బేగం. "అబ్బాయ్, మీ అమ్మ అడ్రసు చెప్పు."

వారం తర్వాత మెడలో కొత్త పాసు వేసుకుని మెస్సులోకి పరుగెత్తుకొచ్చాడు ఎహసాన్. "పరీక్ష బాగొచ్చింది ఖాలా! ఇప్పుడు ధైర్యంగా మా అమ్మకు ఉత్తరం రాయి."

సర్వరీ బేగం రొట్టె తిప్పుతూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు అడ్రసు చెప్పిన పొద్దే మధ్యాహ్నం రాసి పోస్టులో వేసినా. నిన్ను నమ్మేదానికి ఆఫీసర్‌కు పరీక్ష కావాల గానీ, నాకెందుకురా?"