లెక్కలోకి రాని మూడు ఎలుకలు

ఎలుకల గదిలో పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సిందే. రంపపుపొట్టు వాసన, పంజరాల్లో సన్నటి గీరుళ్లు. వాటి ఆలనాపాలనా చూసే పెద్దాయన్ని అందరూ ఎలుకల తాత అంటారు. అక్కడ పరిశోధన చేసే డాక్టరమ్మ ఆయనకు మనవరాలితో సమానం.

ఆమె పని ఎలుకలకు గుండెపోటు తెప్పించడం. గుండె రక్తనాళానికి ముడి వేసి, కొత్త మందు ఎక్కించి, గుండె ఎంత నిలదొక్కుకుందో చూడాలి. మందు ఇచ్చింది ఎనిమిది ఎలుకలకు. అయిదు దుక్కల్లా ఉన్నాయి. మూడు అయిదో రోజున చచ్చాయి. ఆపరేషన్‌లో పోయినవాటిని ఎలాగూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి, ఆ మూడూ ఆపరేషన్‌లోనే పోయాయని రాసేసింది. తప్పని తెలుసు. కానీ గుండెపోటు వచ్చిన నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టర్లు చేతులెత్తేశారు. ఈ మందు మనుషులకు ఇవ్వడమంటూ మొదలైతే మొదటి పేరు ఆయనదే. రిపోర్టు నిన్ననే ఆ ఆసుపత్రికి వెళ్లింది.

ఆవేళ మధ్యాహ్నం చివరి ఎలుకకు ఈసీజీ తీసి, తీగలు విప్పింది. తాత ఎలుకను పంజరంలో వదిలాడు.

తెర మీద గీత ఆగలేదు.

"తీగ ఇంకా తగిలుందేమో చూడు తాతా."

"లేదమ్మా... నా చేతిలోనే ఉన్నాయి."

ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు. ఒకదాని కింద ఒకటి, మూడు గీతలు... ఎలుక గుండె వేగంతో, గబగబా...

చచ్చిన ఆ మూడు ఎలుకల్నీ సంచిలో కట్టింది తాతే, పుస్తకంలో ఆమె ఏం రాసిందో చూసిందీ ఆయనే. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు," గుసగుసగా అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాసెయ్యమ్మా."

పుస్తకం తీసింది. పాత మాట కొట్టేసి, 'అయిదో రోజున మరణం' అని రాసింది. ఒక గీత చదునైంది. రెండోది రాసింది. మూడోది... అమ్మయ్య అనుకుంది.

అప్పుడు నాలుగో గీత మొదలైంది. నెమ్మదిగా. నిమిషానికి డెబ్బై.

ఎలుకది కాదు.

నాన్నకు ఫోన్ చేసింది. "నాన్నా, ఆ మందు వద్దు! నేను అబద్ధం రాశాను."

"ఇందాకే ఎక్కించారు తల్లీ. ఛాతీలో బరువంతా దిగిపోయింది."

గీత రెండుసార్లు ఎగిరింది... చదునైంది.

"నాన్నా..."

"వింటున్నా తల్లీ. ఇక్కడేదో మిషను కుయ్యిమంటోంది. నర్సులు పరుగెత్తుకొస్తున్నారు, ఎవరికేమైందో పాపం..." నాన్న గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. "అందరూ నా మంచం దగ్గరికే ఎందుకొస్తున్నారమ్మా?"