చుట్టుదారిలో సగం దూరం

"మీ అన్నయ్యగారు మిమ్మల్ని వెంటనే కిందికి తీసుకురమ్మన్నారండీ," అన్నాను రొప్పుతూ.

ఆమె రాయి మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటోంది. తల కూడా ఎత్తలేదు. "బటన్ నొక్కగానే దిగిపోడానికి నేనేమైనా లిఫ్టునా?"

ఆ మాట నాకు తగలాలనే అంది. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఆమె అన్నయ్య మా సర్వీస్ కంపెనీ ఓనరు. ఆదివారం పొద్దున్నే నాకు ఫోన్ చేసి, చెల్లెలు కొండెక్కిందనీ, మధ్యాహ్నం భోజనానికి పెళ్ళికొడుకువాళ్ళు వస్తున్నారనీ, ఆలోగా ఆమెను ఇంటికి చేర్చకపోతే నా ఉద్యోగం మీద ఆశ వదులుకోమనీ చెప్పాడు. ఆ పెళ్ళికొడుక్కి ఊరి నిండా బిల్డింగులు. ప్రతి బిల్డింగులోనూ లిఫ్టులు. మా ఓనరు సంబరం ఎందుకో ఇక విడమరిచి చెప్పాలా?

కొండకు ముందువైపు మెట్లున్నాయి, జనమున్నారు, సెల్ఫీలున్నాయి. ఈవిడ ఎంచుకున్నది వెనకవైపు చుట్టుదారి. కొండను ఒక చుట్టు చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చి చేరుతుంది. ఎప్పుడో ఎవరో రాళ్ళ మీద వేసిన పసుపు రంగు గీతలు తప్ప అది దారి అని చెప్పడానికి ఇంకేమీ లేదు. ముళ్ళకంపలు చొక్కా పట్టుకుని లాగుతున్నాయి.

ఆమె లేచి నడక మొదలుపెట్టింది. పైకే. నేను బతిమాలుతూ వెనకాలే నడిచాను.

ఈ పెళ్ళి వద్దని అన్నయ్యకు ఎన్నోసార్లు చెప్పిందట. మెల్లగా వద్దంటే సిగ్గనుకున్నాడు. గట్టిగా వద్దంటే అలకనుకున్నాడు. ఇంట్లో ఉండి చెబితే వినపడటం లేదు కాబట్టి, ఇంట్లో లేకుండా పోయి చెబుతోందట.

వాళ్ళ వదినగారు ఏమన్నారని అడిగాను.

"షూ తుడిచిచ్చింది," అంది.

నాకు ఆమె కొత్త కాదు. మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఆ బిల్డింగులో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళి ఆమెను చూశాను. మర్నాడే నా చూపు మసకేసిందని వెళ్ళి కూర్చున్నాను. చీకటి గది, జానెడు దూరంలో ఆమె ముఖం. గోడమీది అక్షరాలు చదవమంటే కావాలనే తప్పులు చదివాను. ఆమె కళ్ళజోడు ఇచ్చింది. పెట్టుకుని, "అబ్బ, ఇప్పుడు లోకం ఎంత స్పష్టంగా ఉందండీ," అన్నాను. ఆ తర్వాత స్క్రూ వదులైందనీ, ముక్కు మీద నొక్కుతోందనీ వెళ్తూనే ఉన్నాను. రోజంతా స్క్రూలు బిగించి బతికేవాణ్ణి, ఒక స్క్రూ బిగించమని ఆమె ముందు కూర్చునేవాణ్ణి.

సగం కొండ ఎక్కేసరికి వాన అందుకుంది. ఆమె ఇచ్చిన కళ్ళజోడే పెట్టుకున్నాను, అద్దాల మీద నీళ్ళు కారి ఏమీ కనబడటం లేదు. తీసి జేబులో పెట్టుకున్నాను. అక్కడ దారి రెండుగా చీలింది. ఎటు వెళ్ళాలో తెలియక ఆమె ఆగిపోయింది.

"అదుగోనండీ గుర్తు. ఎడమవైపు, ఆ చెట్ల వెనక రాయి మీద," అన్నాను హుషారుగా.

ఆమె కళ్ళు చికిలించి అటు చూసింది. వెలిసిపోయిన ఆ గీత కనిపెట్టడానికి ఆమెకే కాసేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది. కనురెప్పల మీద వాన చుక్కలు, వాటి కింద కొంటె చూపు. నా గుండె కేబుల్ తెగిన లిఫ్టులా జారిపోయింది.

"మీకు దూరం చూపు ఆనదు కదా?"

నేను జేబులోంచి కళ్ళజోడు తీసి గబగబా పెట్టుకున్నాను.

"మీ కళ్ళకేమీ లేదని ఆ రోజే మెషిన్ చెప్పింది. నేనిచ్చింది ఉత్త అద్దాలు. లోకం స్పష్టంగా ఉందన్నారే, అప్పుడు లోపలికెళ్ళి నవ్వుకుని వచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"మీరెప్పుడు చెబుతారో చూద్దామని. ఎన్నాళ్ళని స్క్రూలు బిగించను?"

ఇంకాస్త పైకి వెళ్ళాక బల్లపరుపు బండ వచ్చింది. కింద ఊరంతా వానలో బూడిద రంగుగా ఉంది. నా జేబులో ఫోన్ మోగింది. ఓనరు.

చుట్టుదారిలో ఇది సగం దూరమని ఆమె చెప్పింది. వెనక్కి తిరిగితే తెలిసిన దారి, భోజనాల వేళకు చేరిపోవచ్చు. ముందుకైతే ముళ్ళు, జారుడు, ఎప్పటికి చేరతామో తెలియదు.

"మీ ఉద్యోగం పోవడం నాకిష్టం లేదు. మీరు వెళ్ళండి. నేను మాత్రం రాను."

నాకు ఒళ్ళు మండింది. ఓనరు మీద, అంతకన్నా ఎక్కువ నా మీద. ఇష్టమని చెప్పాల్సిన మనిషి దగ్గరికి ఇంకొకడి పెళ్ళికబురు మోసుకొచ్చాను. ఫోన్ ఎత్తాను.

"సార్, ఆవిడ రానన్నారు. వద్దన్న పెళ్ళికి మనిషిని లాక్కొచ్చే పని నేను చెయ్యను." అంతే, పెట్టేశాను.

ఆమె వైపు తిరిగాను. "మీరంటే నాకిష్టం. నా కళ్ళు బాగానే ఉన్నాయి, బుద్ధీ బాగానే ఉంది. అన్నీ చూసుకునే చెబుతున్నాను."

"ఇన్నాళ్ళకి ఒక అక్షరం సరిగ్గా చదివారు," అని చెయ్యి చాపింది.

ముందుకే నడిచాం. ఆమె ఒకసారి జారింది, నేను చాలాసార్లు. పడ్డప్పుడల్లా ఇదేనా లిఫ్టు దించే పద్ధతి అని ఏడిపించింది. మోకాళ్ళు దోక్కుపోయాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ కొండ దిగలేదు.

కింద కారు పక్కన ఓనరు గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. వదినగారు కారులో ఉంది. వచ్చినవాళ్ళు భోంచేసి, ముఖాలు మాడ్చుకుని వెళ్ళిపోయారట. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"రేపట్నుంచి నువ్వు పనికి రానక్కర్లేదు."

"రాను సార్. మీ ఇంటికి వస్తాను. మీ చెల్లెలు నాకు కావాలని అడగడానికి కాదు, అది ఆమెనే అడిగాను. మీకు చెప్పడానికి వస్తాను."

ఆమె నా చెయ్యి వదల్లేదు. అన్నయ్య కళ్ళలోకి సూటిగా చూస్తూ నాతో అంది. "పొద్దున్నే రా. అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు."

ఓనరు ముఖం కందగడ్డలా అయింది. వదినగారు కారు అద్దం దించి, ఆయన ఇంట్లోనే ఉండేలా చూసే పూచీ తనదని తాపీగా చెప్పింది. ఆయన భార్యను చూశాడు, చెల్లెల్ని చూశాడు, మా చేతుల్ని చూశాడు. వాన మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా కురుస్తోంది.

"ఉంటాన్లే," అన్నాడు చివరికి, తను తడుస్తూ గొడుగు చెల్లెలి తల మీదికి జరిపి.