మోచేతి పైన గాజులు

తాను చేతి గాజులు తీయడానికి ఇరవై ఎనిమిది రోజుల ముందే భర్త కిడ్నీలు పాడైన సంగతి కాగితం మీదికెక్కిందని, అతను పోయిన ఐదో నెలలో కమ్లీకి తెలిసింది!

ఆ కాగితం తెచ్చింది నర్సు రిబ్కా. తిరువూరు బస్టాండు వెనక కమ్లీ ఒంటరిగా ఉంటున్న రేకుల గది గుమ్మంలో కూర్చుని, వేరే బృందం ఫైళ్లు సర్దుతుంటే ఇది దొరికిందనీ, చూపించకుండా ఉండలేకపోయాననీ చెప్పింది. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రోజున కమ్లీ భర్త రూప్లా అక్కడ ఆ బృందం పెట్టిన శిబిరంలో పరీక్షకు రక్తం ఇచ్చాడట. 'వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురావాలి' అని రాసిన రిపోర్టు ఇంటివాళ్లకు అందిందట. అందుకున్నవారి సంతకం దగ్గర ఒక పేరుంది. హర్యా. రూప్లా తమ్ముడు... కమ్లీ మరిది!

కమ్లీ ఆ పేరును వేలితో తడుముతూ ఉండిపోయింది.

ఎ.కొండూరు అవతల వాళ్ల తండాలో, పెళ్లయిన ఆడది మోచేతి పైన తొడుక్కునే తెల్ల గాజులు మొగుడు పోయిననాడే తీస్తుంది. కిడ్నీ జబ్బు మీద పరిశోధనకు వచ్చిన డాక్టర్లకు ఆ సంగతి తెలియదు. బీపీ పట్టీ కట్టాలి, గాజులు తీయండన్నారు. ఒక్క ఆడది కుర్చీలో కూర్చోలేదు. ఆడవాళ్లు రాకపోతే ఈ జబ్బు తండాను ఎందుకు పట్టిందో ఎప్పటికీ తేలదని రిబ్కా బతిమాలింది. పదో తరగతి చదివిన కమ్లీ ముందుకొచ్చి, మోచేతికి సబ్బు రాసి ఒక్కొక్క గాజే లాగింది. ఐదంటే ఐదు నిమిషాలు! మళ్లీ తొడుక్కుంది కూడా. నెల తిరక్కుండానే రూప్లా పోయాడు...

కుర్చీ కోసం మొగుణ్ణి తినేసిందని అత్త ద్వాలీ గుండెలు బాదుకుంది. కుళాయి దగ్గర కమ్లీ బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరిగాయి. చివరికి తిరువూరొచ్చి హాస్టల్లో వంటపనికి కుదిరింది. రెండొందల మంది ఆడపిల్లలకు వడ్డించి తన కంచం ముందు కూర్చుంటే, తిన్నావా అని అడిగే గొంతు ఒక్కటి లేదు. అంతకన్నా పెద్ద నరకం... తండా అన్న మాట తనే నమ్మడం! బోసిపోయిన మోచేతి మీదకు చెయ్యి వెళ్లినప్పుడల్లా, నేనే చంపుకున్నానా అని లోపలేదో తెగేది.

వచ్చే ఆదివారం తండాలో మళ్లీ శిబిరం. ఈసారి అన్నీ అడిగి తెలుసుకున్నారు. పట్టీ మోచేతి కిందే కడతారు, గాజు ముట్టుకోరు. రిబ్కా తండా భాషలో పది మాటలు నేర్చుకుంది. అయినా ఎవరూ పేరివ్వలేదు.

"నీ కథే చెబుతున్నారక్కా. నీ తోడికోడలు బుజ్జికి కాళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూసి తలుపేసుకుంది," అంది రిబ్కా.

కమ్లీ కాగితం మడిచి రవికెలో దోపుకుంది.

ఆదివారం పొద్దున షేర్ ఆటో దిగేసరికి టెంటు కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆడవాళ్లు గోడ వారగా నిలబడి చూస్తున్నారు. అత్త మొహం తిప్పుకుంది. ఆమె పక్కన బుజ్జి, చెప్పుల్లో పట్టని పాదాలతో. హర్యా మోటారు సైకిలుకి ఆనుకుని ఉన్నాడు. కమ్లీ నేరుగా అతని దగ్గరకు నడిచి కాగితం విప్పింది. అతని కళ్లు సంతకం మీద పడి, నేలకు వాలిపోయాయి. అరిచి తండా అంతా పోగుచెయ్యొచ్చు... ఐదు నెలల ఏడుపుంది గొంతులో! కానీ ఆమె చూపు బుజ్జి పాదాల మీదే ఉంది.

"బుజ్జి కాళ్లు చూశావా హర్యా?"

"ఆకు పసరు పోయిస్తున్నా వదినా... తగ్గుద్ది."

"మీ అన్నకీ అదే పోయించావు."

 హర్యా వెళ్లి తల్లి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"యాడీ, వదిన గాజులు తియ్యకముందే అన్న జబ్బు నాకు తెలుసు. కాగితం నా చేతికే ఇచ్చారు. సూదులు, మిషన్లు అంటే అన్న బెదిరిపోతాడని దాచా. పసరుతో పోద్దని నమ్మా. అన్న పోయిన రోజు నువ్వు వదిన మీద పడి తిట్టావు చూడూ... అప్పుడు నాకు ఊపిరొచ్చింది యాడీ. నన్నెవరూ అడగరులే అనుకున్నా. అన్న పోయింది నా వల్ల. గాజుల వల్ల కాదు. వదినా... నేను పిలిస్తే బుజ్జి ఇప్పుడు రాదు. నువ్వే దాని చెయ్యి పట్టుకుని ఆ కుర్చీ దాకా తీసుకెళ్లు. నీ చెయ్యి దాని గాజులకి తగిలినా ఏం కాదు."