మడ్డి లేని వైన్

"వైన్ వాసన చూడ్డం కూడా ఓ ఉద్యోగమేనా? మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి?" భర్త గొంతు అప్పటికే పెరిగింది.

"నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గేస్తోందమ్మాయ్," అత్తగారు అందుకుంది. "ఇవాళ మీ ఆడపడుచు వాళ్లు భోజనానికొస్తుంటే, నువ్వు హోటల్లో ఎవరికో వడ్డించడానికి పోతావా?"

"వండి పెట్టాను. వడ్డించుకోడానికి మీకు చేతులున్నాయిగా," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"విన్నావురా ఆ మాటలు!"

ఏ వైన్ పక్కన ఏ వంట పెట్టాలో హోటళ్లకు చెప్పే కన్సల్టెంట్ ఆమె. ఇంట్లో తెలిసింది అంతే. తెలియంది సీక్రెట్ సర్వీస్. అక్కడ ఆమె కోడ్‌నేమ్ 'వదిన'. చీఫ్ పెట్టిన పేరు. తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

కారులో చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు. "కొండల మీద కొత్తగా ద్రాక్ష వేసిన ప్రాంతం. వాళ్ల రెడ్ వైన్ విదేశీ బయ్యర్లకి తెగ నచ్చింది. పాత వ్యాపారుల ముఠాకి కన్ను కుట్టింది. ఆ రైతుల నాయకురాలు ఇవాళ అందరి ముందూ సొంత వైన్ తాగి పడిపోవాలి. ముఠా అందులో విషం కలుపుతుంది. అదీ వాళ్ల ప్లాన్. ఆ తర్వాత ఆ వైన్‌ని ఎవడూ ముట్టుకోడు."

"నా పని?"

"వంటలు చూసుకో వదినా. ఆవిడ ప్రాణం నెమలి చూసుకుంటుంది."

నెమలి అంటే, ముఠా మనిషిలా నటించమని సర్వీస్ పంపిన ఏజెంట్. ఆమె నడిచొస్తే సర్వీసంతా ఫైళ్లు మూసి చూస్తుంది. ఇంట్లోనూ వడ్డనే, ఇక్కడా వడ్డనేనా అనుకుని వదిన పళ్లు కొరికింది.

హాల్లో బయ్యర్లు సర్దుకు కూర్చున్నారు. రైతుల నాయకురాలు బిడియంగా కొంగు సవరించుకుంటోంది. వదిన హాల్లోనే ఓ పక్కన పెట్టిన పొయ్యి దగ్గర నిలబడి మిరియాల కోడి, కాల్చిన పుట్టగొడుగులు పంపింది. పల్చని, కాస్త పుల్లని వైన్ అది. కొవ్వు మాంసంతో కలిపి ఇస్తే దాని రుచే తెలియదు.

సర్వర్ వేషంలో నెమలి బయ్యర్లకు సీసాలోంచి పోసింది. నాయకురాలి కోసం మాత్రం వైన్‌ని ఓ గాజు జగ్గులోకి వంపింది. "కాస్త గాలి ఆడాలి. మీకు స్పెషల్!"

వదిన చెయ్యి ఆగిపోయింది. జగ్గులోకి వంపేది అడుగున మడ్డి పట్టిన పాత వైన్‌ని. పోయినేటి పంటకి మడ్డేమిటి, గాలేమిటి? వైన్‌కి అక్కర్లేని జగ్గు ఇంకెవరికి కావాలి?

కమ్మలో దాచిన మైక్‌లో గుసగుసలాడింది. "చీఫ్, విషం జగ్గులో ఉంది. నెమలి వాళ్ల మనిషే."

"ఆధారం?"

"జగ్గే."

చీఫ్ నవ్వాడు. "వదినా, పుట్టగొడుగులు మాడిపోతాయి, చూసుకో."

నాయకురాలు గ్లాసు ఎత్తింది. అంచు పెదవికి తగలబోతోంది.

వదిన ఒక్క అంగలో వెళ్లి ఆ గ్లాసు లాక్కుంది. "ఆగండక్కా. పోసినవాళ్లు ముందు రుచి చూడాలి. ఇది మా వృత్తి మర్యాద." గ్లాసు నెమలి ముందు పెట్టింది. "తాగమ్మా."

నెమలి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నే... నేను డ్యూటీలో తాగను."

"డ్యూటీ ఎవరిదే? మాదా, వాళ్లదా?"

నెమలి చెయ్యి ఏప్రన్ జేబులోకి పోయింది. పిస్టల్ సగం బయటికొచ్చేసరికి, వదిన పొయ్యి మీంచి లాగిన పొగలు కక్కే పెనం ఆమె మణికట్టు మీద పడింది. పుట్టగొడుగులు గాల్లోకి లేచాయి. బయ్యర్లు బల్లల కిందికి దూరారు.

బయట కారులోంచి చీఫ్ పరుగున వచ్చాడు. "శభాష్ వదినా! నెమలి పోస్టు ఇక..."

"తీసుకుంటాను," అంది ఆమె. "ఆ పేరుతో మాత్రం ఇంకోసారి పిలిచారంటే, పెనం ఇంకా వేడిగానే ఉంది."

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు కుటుంబం ఇంకా బల్ల దగ్గరే ఉంది. ఆమె చేతులు కడుక్కుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. అందరి మొహాలూ ఓసారి చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"నేను ఉద్యోగం మానడం లేదు. ప్రమోషన్ ఇచ్చారు, తీసుకున్నాను. ఇకనుంచి నెలలో సగం రోజులు ఊళ్లోనే ఉండను. ఆ రోజుల్లో వంట ఎవరిదో మీరే తేల్చుకోండి. ఏ వంటకి ఏది సరిపోతుందో అడిగితే చెప్తాను. ఫీజు ఉంటుంది."