ఉప్పునీళ్ల మంచం

మధ్యాహ్నం మూడు నలభైకి పినపాక రోడ్డు మీద ఒక బొలెరో బొగ్గుగని కార్మికుడు వీరన్న బైకును వెనుక నుంచి గుద్దింది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అయినా ఆరు నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. ఎంత సేవాభావమో.

"నెలలో ఇది ఏడో యాక్సిడెంట్, కోటేష్," అన్నాడు చీఫ్, చెవిలోని వైర్‌లెస్ మిషన్‌లోంచి. "విదేశీ ముఠా. మెదడు వాపు ఆపే మందు టెస్ట్ చేస్తున్నారు. తలకు దెబ్బ తగిలిన గంటలోపు సూది పడాలి. పేషెంట్లు దొరక్క వాళ్లే తయారు చేసుకుంటున్నారు. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్లు. ఉప్పునీళ్ల వాళ్లు ముగ్గురూ పోయారు. ఐదింటికి డేటా డ్రైవ్ గోదావరి దాటుతుంది. వాళ్ల దవాఖానాలో మన ఏజెంట్ డాక్టర్ హేమలత ఉంది. డ్రైవ్ తీసుకురా."

"వీరన్న సంగతి?"

"ముందు డ్రైవ్."

అటెండర్ ఖాకీ చొక్కా, చేతిలో ఫినాయిల్ బకెట్. కోటేష్ అడవి అంచున ఉన్న ఆ ప్రైవేటు దవాఖానాలోకి నడిచాడు. గోడ గడియారంలో నాలుగు ముప్పై ఐదు. వీరన్న కంటిపాప ఒకటి అప్పటికే పెద్దదైంది, మెదడు వాస్తోందన్నమాట. మంచానికి కట్టిన చీటీ మీద 'ఉప్పునీళ్లు' అని రాసి ఉంది.

పట్టుచీర, ఖరీదైన సెంటు. హేమలత పక్కకొచ్చి నిలబడింది.

"మణుగూరు బస్సు పోయిందా?" అన్నాడు కోటేష్.

"పంచరై ఆగింది." కోడ్ కలిసింది. "డ్రైవ్ నా పర్సులోనే ఉంది. అసలు మందు ఆంప్యూల్ ఒక్కటే మిగిలింది, అదీ ఉంది. ఇతనికి నేను వేస్తాను. నువ్వు వెనక గేటు దగ్గర ఉండు."

"ఆయనెవరు?" మంచం పక్కన బొగ్గు మసి బట్టల్లో ఒకడు కూర్చున్నాడు.

"తిరుపతి. వీరన్న దోస్తు. నాది గ్యారంటీ."

"ఇద్దరం ఒక్క బొగ్గు బాయిల్నే పని చేస్తమన్నా," అన్నాడు తిరుపతి. "గని లోపల్నుంచి పైకెక్కి సీదా గిట్లనే వచ్చిన. బట్టలు గూడ మార్చలే." అంటూనే చొక్కా జేబులోంచి లైటర్ తీసి బీడీ ముట్టించాడు.

కోటేష్ తండ్రి ఇల్లందు గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. లోపల గ్యాస్ అంటుకుంటుందని గని నోటి దగ్గరే ఒళ్లంతా తడిమి అగ్గిపుల్ల కూడా లాక్కుంటారు. దిగిన బట్టల్లో లైటర్ ఉండే ముచ్చటే లేదు. వీడు బొలెరో వాడు. మరి వీడికి గ్యారంటీ ఇచ్చిన మహాతల్లి?

ఫినాయిల్ బకెట్ తిరుపతి మొహాన పడింది. వాడు కళ్లు పట్టుకుని కూలబడ్డాడు. హేమలత చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"వెనక గేటు దగ్గరే చచ్చుంటే నా గది మురికయ్యేది కాదు," అంటూ ఒక అడుగు ముందుకు వేసింది. ఫినాయిల్ మీద కాలు జారింది. ఇనుప మంచం అంచుకు తల వెనక భాగం ఠంగుమని తగిలింది. పిస్టల్ ఒక పక్క, పర్సు ఒక పక్క పడ్డాయి.

నాలుగు ముప్పై తొమ్మిది. వీరన్న గంట నిండటానికి ఒక్క నిమిషం, ఒక్క ఆంప్యూల్, రెండు పగిలిన తలలు.

"నాకెయ్యి," అంది హేమలత. చెవిలోంచి నెత్తురు కారుతోంది. "వాడెట్లాగూ పోతడు. జల్దీ."

కోటేష్ పర్సులోంచి ఆంప్యూల్ తీసి వీరన్న చేతికి సూది వేశాడు. తర్వాత మంచానికున్న చీటీ విప్పి హేమలత మణికట్టుకు కట్టాడు. ఆమె దాన్ని చదివింది. చదవగలిగే తెలివి ఇంకా ఉంది పాపం.

పావుగంటకు వీరన్న కంటిపాప తగ్గడం మొదలైంది. కోటేష్ చెవి మిషన్ నొక్కాడు.

"డ్రైవ్ దొరికింది సార్. వీరన్న కూడా దక్కాడు."

"హేమలత?"

"ట్రయల్‌లో చేరింది సార్. ఉప్పునీళ్ల గ్రూపు."